నాలుగు తీగల కోసం కలకత్తా

కలకత్తా వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివాళ్ళూ విక్టోరియా మహలు చూశావా, జూ చూశావా అని అడుగుతున్నారు. రెండూ చూడలేదు. ఎనిమిది రోజులున్నాను, బేస్ గిటారు వెతుక్కుంటూ తిరిగాను. అలా తిరిగినప్పుడు చూసిన కలకత్తా గురించే ఇక్కడ రాస్తున్నాను.

విశాఖపట్నంలో మాది నలుగురి బ్యాండు. తమ్ముడు శామ్యూల్ కీబోర్డు వాయిస్తాడు. అతని స్నేహితుల్లో ఒకరిది డ్రమ్స్, ఒకరిది పాట. బేస్ గిటారు నాది. పగలు నర్సరీ స్కూల్లో పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తాను. బేస్ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. దానికి నాలుగే తీగలు, బాగా లావువి. అది మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగితే మాత్రం పాటలో ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది.

మూడేళ్ళుగా నేను వాయించిన గిటారు మా చర్చికి వచ్చే ఒక నేవీ ఆయనది. ఆయనకు కొచ్చిన్ బదిలీ అయింది, గిటారు కూడా ఆయనతోనే పోయింది. అదే నెలలో బీచ్ రోడ్డులో ఒక హోటలు వాళ్ళు వారానికి మూడు సాయంత్రాలు వాయించమన్నారు. పెళ్ళిళ్ళ సీజను కోసం ఎదురుచూసే మాకు అది మొదటి స్థిరమైన పని. మా ఊళ్ళో ఉన్న ఒక్క బేస్ గిటారు ధర విని తమ్ముడు దుకాణంలోంచి నవ్వుతూ బయటికొచ్చేశాడు. కలకత్తాలో సగానికి దొరుకుతుందన్నారు.

నాన్నకు హోటలు మాట రుచించలేదు. నన్ను కాదనలేక ఒక షరతు పెట్టాడు. లిలువాలో మా మేనత్త భర్త దావీదు మావయ్య ఉన్నాడు, మా కుటుంబంలో పెద్ద ఆయనే. ఆయన ఊఁ అంటే తనకూ సమ్మతమే అన్నాడు. అంటే నేను కలకత్తా నుంచి తెచ్చుకోవలసినవి రెండు. ఒకటి గిటారు, రెండోది మావయ్య ఊఁ.

లిలువా

హౌరాలో దిగి లోకల్ రైల్లో ఒక్క స్టేషను వెళ్తే లిలువా. రైల్వే క్వార్టర్ల వరసలో ఒక గుమ్మం ముందు ఒడియా, పక్క గుమ్మం ముందు భోజ్‌పురి, ఆ పక్కన మన శ్రీకాకుళం తెలుగు వినిపిస్తాయి. మావయ్య అక్కడ వర్క్‌షాపులో ఫిట్టరు. సోంపేట దగ్గర్నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. అత్త చేపల పులుసు మన పద్ధతిలోనే పెడుతుంది కానీ ఆవనూనెతో. మొదటి ముద్దకు ముక్కులో ఘాటెక్కింది, మూడోరోజుకల్లా అదే బాగుందనిపించింది.

వాళ్ళమ్మాయి ఝాన్సీకి ఇరవై ఏళ్ళు. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. చర్చి పాటల పుస్తకంలో కీర్తనలన్నీ పెన్సిలుతో బెంగాలీ అక్షరాల్లో రాసుకుంది. ఈ ఎనిమిది రోజులూ నా నోరూ చెవులూ ఆ పిల్లే.

నేను వచ్చిన పని విని అత్త ఒక సందేహం అడిగింది. "గిటారుకి ఆరు తీగలుంటాయి కదే. రెండు తగ్గితే రేటు కూడా తగ్గాలి కదేటి?"

మావయ్య నవ్వలేదు. కంచంలోంచి తలెత్తకుండా తన అభిప్రాయం చెప్పేశాడు.

"సర్చిలో వాయించు. పెళ్ళిలో వాయించు. హోటల్లో తిన్నోడు మూతి తుడుసుకుంటా నిన్ను సూడ్డం నాకు నచ్చదు."

నేను పులుసు మళ్ళీ పోసుకున్నాను. మాట్లాడితే ఆ మొదటి పూటే కాదనిపించుకునేదాన్ని.

లాల్‌బజార్

లాల్‌బజార్ దగ్గర ట్రాము పట్టాల పక్కన వాద్యాల దుకాణాలు వరసగా ఉంటాయి. మన ఊళ్ళో వాద్యాల దుకాణమంటే అద్దాల బీరువాలో ఒక హార్మోనియం, రెండు తబలాలు. ఇక్కడ సితార్లూ వయొలిన్లూ దండేనికి బట్టలు ఆరేసినట్టు వేలాడుతున్నాయి. ఎవరైనా లోపలికెళ్ళి తీసి వాయించవచ్చు, కొనకపోయినా ఎవరూ మొహం మాడ్చుకోరు. మధ్యలో టీ వస్తుంది, మట్టి ముంతలో, రూపాయి. తాగి ముంతను రోడ్డు వారన పడేయాలి. నాకు మనసొప్పక మొదటి ముంత సంచిలో పెట్టుకున్నాను. ఝాన్సీ చూసి చాలాసేపు నవ్వింది.

కొత్త బేస్ గిటార్లలో చవకది అయిదున్నర వేలు. విదేశీవి అడగడం దండగ. గిటారుకీ, దాన్ని వినిపించే ఆంప్లిఫయరుకీ కలిపి నా దగ్గరున్నది ఆరు వేలు. నాలుగో దుకాణంలో ఒక నెరిసిన మీసాలాయన బేస్ గిటారు తీసి నన్ను దాటించి వెనకున్న ఎవరికో ఇవ్వబోయాడు. వెనక ఎవరూ లేరు. ఝాన్సీతో ఏదో అన్నాడు.

"అక్కా, దాదా అడగతన్నాడు, బజాయించే మనిషి ఎప్పుడొస్తాడని," అంది ఝాన్సీ.

నేనే అని చెప్పాం. ఆయన నొచ్చుకుని కుర్చీ వేశాడు. కొత్తవన్నీ నా చేతికి పొడుగెక్కువ, మొదటి మెట్టు అందుకోవాలంటే భుజం లాగేస్తోంది. అది చూసి ఆయన లోపల్నుంచి ఒక పాతది తెచ్చాడు. మెడ పొట్టి, ఒళ్ళంతా గీతలు, రంగు ముదురు చింతపండు రంగు. ధర రెండువేల ఆరువందలు. తీగలు మెత్తగా, దగ్గరగా ఉన్నాయి. వేళ్ళు ఎక్కడ పెట్టాలనుకుంటే అక్కడే పడ్డాయి. చుట్టూ నలుగురు నిలబడి చూస్తుంటే సిగ్గేసి రెండు నిమిషాలే వాయించి, బేరం కూడా ఆడకుండా కొనేశాను. పక్క సందులో కచోరీలు, బంగాళాదుంప కూర తిన్నాం. నాలుగు కచోరీలు అయిదు రూపాయలు, కూర మళ్ళీ అడిగితే ఊరికే పోశారు. ఆ పూట నాకంటే అదృష్టవంతురాలు కలకత్తాలో లేదనుకున్నాను.

సాయంత్రం అత్త హార్మోనియం పక్కన పెట్టుకుని శ్రుతి చేస్తే తెలిసింది. దుకాణంలో తీగలన్నీ బాగా వదులుగా ఉన్నాయి, అందుకే అంత మెత్తగా అనిపించాయి. అసలు శ్రుతికి రావాలంటే చాలా బిగించాల్సి వచ్చింది. బిగించి గోడకు ఆనించి పెట్టాను.

బంద్ రోజు

తెల్లారేసరికి గిటారు మెడ విల్లులా వంగిపోయింది. తీగలు మధ్యలో వేలెడంత ఎత్తున లేచాయి. బలంగా నొక్కితే వేలి కొస తెల్లబడుతోంది కానీ స్వరం మాత్రం పలకడం లేదు.

వెంటనే దుకాణానికి పరిగెత్తుదామంటే ఆ రోజు బంద్. బస్సు లేదు, లోకల్ లేదు. ఎర్ర జెండాలు కట్టిన రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మా ఊళ్ళో బంద్ అంటే జనం కిటికీల్లోంచి తొంగి చూస్తారు. ఇక్కడ ముందురోజే కూరలు కొనిపెట్టుకుని, తీరిగ్గా నిద్రలేచి, పేకముక్కలు తీస్తారు. మావయ్య వర్క్‌షాపు గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు. నేను వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. కళ్ళెందుకు ఎర్రబడ్డాయో అత్త అడగలేదు. ఝాన్సీయే ఆయనకు సంగతంతా చెప్పింది.

మావయ్య గిటారు తీసుకుని, ఒక కన్ను మూసి, మెడ వెంబడి చూశాడు. రైలు పెట్టె దూలం వంకర పోయిందో లేదో అలాగే చూస్తాడట.

"నాలుగు తీగలు ఇటు లాగతన్నాయి. లాగీది ఉన్నకాడ నిలబెట్టీది కూడా ఉండాల. లోపల ఊచ ఉందేటి?"

ఉందని తెలుసు. మెడ లోపల సన్నటి ఇనుప ఊచ ఉంటుందని, దాన్ని బిగిస్తే మెడ నిటారవుతుందని నేవీ ఆయన చెప్పాడు. తల దగ్గర చిన్న రేకు ఊడదీస్తే నట్టు కనబడింది. మావయ్య పానా పెట్టి నెమ్మదిగా తిప్పాడు. నట్టు తిరుగుతూనే ఉంది, ఎక్కడా పట్టు దొరకలేదు.

"తెగిపోనాది లోన," అన్నాడు.

మధ్యాహ్నమంతా ఆయన దాన్ని ఒళ్ళోంచి దించలేదు. తీగలు వదులు చేసి చూశాడు, ఒక్కొక్కటీ బిగించి చూశాడు, మెడ ఎంత వంగుతోందో స్కేలు పెట్టి కొలిచాడు. హోటలు గురించి ఒక్క ముక్క అనలేదు. చివరికి, తనకు ఇనుము తెలుసు కానీ కర్ర తెలియదని, రేపు ఒక పూట సెలవు పెట్టి తనూ దుకాణానికి వస్తానని చెప్పాడు.

ఖిదిర్‌పూర్

దుకాణంలో గొడవవుతుందని భయపడ్డాను. కాలేదు. పాత సరుకు వెనక్కి తీసుకోబోమని బిల్లు మీదే బెంగాలీలో అచ్చేసి ఉంది. మొన్న ఆ బిల్లును ఝాన్సీ మడిచి సంచిలో పెట్టిందే కానీ చదవలేదు. మీసాలాయన ఊచ తెగిన సంగతి తనకూ తెలియదన్నాడు. మావయ్య గొంతు పెంచకుండా, అయితే ఇలాంటివి మీరు ఎవరి చేత బాగు చేయిస్తారని అడిగాడు. ఆయన కాగితం మీద ఒక మిస్త్రీ పేరు, సందు గుర్తులు రాసిచ్చాడు. మేం మెట్లు దిగుతుంటే పిలిచి, అడగకుండానే కొత్త తీగల సెట్టు ఒకటి ఝాన్సీ చేతిలో పెట్టాడు.

నాసిర్ మిస్త్రీ గది ఖిదిర్‌పూర్‌లో, ఓడరేవు డాకుల వెనక సందులో ఉంది. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు ఓడల గదుల్లో చెక్కపని చేసేవాడు, ఆ పని తగ్గాక వాద్యాలకు మళ్ళాడు. గదంతా వజ్రం బంక, చెక్కపొట్టు వాసన. గిటారు చూసి, మెడ మీద పట్టీని వేడిచేసి లేపి ఊచ మార్చాలని చెప్పాడు. అలాంటి ఊచ బజారులో దొరకదు, చేయించాలి, రెండు వారాలు పడుతుందన్నాడు. నా టిక్కెట్టు మర్నాటికే ఉంది.

గిటారు ఇక రాదనుకున్నాను. చెక్కపొట్టు మీద నిలబడి, శామ్యూల్‌కు ఏమని చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఆ పక్కన మావయ్య మిస్త్రీని హిందీలో ఒక్కొక్కటే అడుగుతున్నాడు. పొడుగెంత, లావెంత, మర ఎన్ని చుట్లు, ఏ కొసన ఆపాలి. మిస్త్రీ చెప్పినవన్నీ సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఇనుం సంగతి నాకొగ్గీండి," అన్నాడు. తెలుగులో అన్నానని గుర్తొచ్చి మళ్ళీ హిందీలో చెప్పాడు.

మిస్త్రీ నా వైపు తిరిగి చెయ్యి చూపించమన్నాడు. నా ఎడమ చేతిని గిటారు మెడ మీద పెట్టించి, బొటనవేలు ఎక్కడ పడుతోందో పెన్సిలుతో గీత గీశాడు. వెనకవైపు కర్ర కొంచెం చెక్కుతానని, తర్వాత ఇది మగవాళ్ళ చేతికి సరిపోదని చెప్పాడు. నాకేం అభ్యంతరం లేదన్నాను. ఊచ శుక్రవారం అందితే ఆదివారానికి ఇచ్చేస్తానన్నాడు.

ఎస్టీడీ బూతు నుంచి తమ్ముడికి ఫోన్ చేశాను. హోటల్లో మొదలయ్యేది వచ్చే గురువారం, మంగళవారానికి వచ్చేయమన్నాడు. టిక్కెట్టు సోమవారానికి మార్చుకున్నాను.

చాందినీ

శుక్రవారం ఝాన్సీతో కలిసి ఆంప్లిఫయరు కోసం బయల్దేరాను. ధర్మతల్లా దగ్గర ఊరేగింపు అడ్డొచ్చి బస్సు ఆగిపోయింది. ఎవరూ విసుక్కోలేదు, దిగి నడిచారు. మేమూ నడిచాం. ఇక్కడి బస్సుల్లో ఆడవాళ్ళ సీట్లు ఎడమవైపు పొడుగ్గా ఉంటాయి. ఎవరైనా మగవాడు కూర్చుంటే కండక్టరు అక్కర్లేదు, ఏ ముసలావిడో గొడుగు కొసతో లేపేస్తుంది.

చాందినీ సందుల్లో దొరకని విద్యుత్తు సామాను లేదు. కంపెనీ ఆంప్లిఫయర్లు నా అందుబాటులో లేవు. ఒక కొట్లో బాపీదా అనే ఆయన సొంతంగా పెట్టెలు కట్టి అమ్ముతాడు. హాలు ఎంత పెద్దది, ఎంతమంది కూర్చుంటారు, గోడలకు తెరలున్నాయా అని అడిగాడు. అమ్మేవాడు ఇన్ని ప్రశ్నలడగడం నాకు కొత్త. పన్నెండంగుళాల స్పీకరు బిగించిన పెట్టె ఒకటి ముందుకు లాగాడు, దానికింకా రంగు కూడా వెయ్యలేదు. పరీక్ష కోసం రెండే తీగలున్న ఒక ముసలి బేస్ గిటారు తన దగ్గరుంది. ఆ రెండు తీగల మీదే వాయించాను. ఎదురుకొట్లో మరమేకుల డబ్బాలు గలగలలాడాయి, ఆ కొట్టాయన లేచి వచ్చి బాపీదాను తిట్టాడు. బాపీదాకు అంతకంటే మంచి సర్టిఫికెట్టు అక్కర్లేనట్టుంది, సంతోషంగా నవ్వాడు. రెండువేల నాలుగువందలన్నది ఝాన్సీ బెంగాలీలో మూడొందలు తగ్గించింది. పెట్టె మోసుకుంటూ దారిలో ఒక గుడ్డు రోల్ కొని ఇద్దరం పంచుకున్నాం. పరోటాలో ఆమ్లెట్టు చుట్టి పచ్చి ఉల్లిపాయలు, నిమ్మరసం వేస్తారు. వైజాగ్ బీచ్‌లో ఎవరైనా ఈ బండి పెడితే బాగుండును.

మేం ఇల్లు చేరేసరికి మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డ్యూటీ దిగి, హౌరాలో స్నేహితుడి లేత్ షెడ్డుకి వెళ్ళి, ఉక్కు ఊచ కొని, మర తీయించాడు. గుడ్డలో చుట్టి ఉంది. మొదటిది మర సరిగా రాలేదని రెండోసారి చేయించాడట. టీ తాగి, అప్పుడే ఖిదిర్‌పూర్ బయల్దేరి ఇచ్చి వచ్చాడు.

మళ్ళీ ఖిదిర్‌పూర్

ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురం ఆంప్లిఫయరు పెట్టె మోసుకుని మిస్త్రీ గదికి వెళ్ళాం. అత్త కూడా వచ్చింది, ఇంత గొడవకి కారణమైన వస్తువు మోగితే ఎలా ఉంటుందో వినాలని.

గిటారు మెడ గీత గీసినట్టు నిటారుగా ఉంది. వెనకవైపు చెక్కిన చోట పాలిష్ తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. చెయ్యి పెట్టగానే బొటనవేలు దానంతటదే చోటు చూసుకుని కూర్చుంది. పెట్టెను గుమ్మంలో పెట్టి, వైరు తగిలించి, శ్రుతి చేశాను. ఈసారి తీగలు లేవలేదు. మావయ్య స్కేలు పెట్టి కొలిచాడు, పది నిమిషాలాగి మళ్ళీ కొలిచాడు.

మిస్త్రీ, టింగు టింగు కాదు, ఏదైనా పూర్తిగా వాయించమన్నాడు. వాయించాను. పొద్దున చర్చిలో పాడిన కీర్తనకే నేను వేసే బేస్. సందులో జనం చేరారు. కాసేపు విన్నారు. వాళ్ళ మొహాల్లో ఏమీ కనిపించలేదు. కనిపించదు కూడా, పాట లేకుండా బేస్ ఒక్కటే వింటే ఎవరో గదిలో అటూ ఇటూ నడుస్తున్నట్టుంటుంది. కుళాయి దగ్గర బిందె పెట్టుకున్న ఒకావిడ పక్కావిడతో తెలుగులో అంది, "బాగుంది గానీ, పాటేదీ?"

నా చెవులు వేడెక్కాయి. పాడటం నాకు రాదు. ఝాన్సీ సిగ్గుతో తల దించుకుంది. వేళ్ళు ఆపేద్దామనుకుంటున్నాను. అప్పుడు మావయ్య గొంతు వినిపించింది. చర్చిలో వెనక వరసలో నిలబడి పాడే లోతైన గొంతు. చేతిలో స్కేలు అలాగే ఉంది. మొదటి చరణం స్పీకరు పెట్టె వైపు చూస్తూ పాడాడు, రెండోది నా వేళ్ళ వైపు చూస్తూ. ఆయన ఊపిరి తీసుకున్నచోట నేను నిలిచాను, ఆయన ఎత్తుకున్నచోట నేను ముందే వెళ్ళి ఉన్నాను. కుళాయి దగ్గరావిడ బిందె నిండి పొర్లుతున్నా కదల్లేదు. తర్వాత తెలిసింది, ఆమెది సోంపేట దగ్గర బారువట, భర్త డాకులో పని. మూడో చరణంలో ఆమె, అత్త, ఝాన్సీ కూడా గొంతు కలిపారు. నాసిర్ మిస్త్రీ గిటారు తల మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, కర్ర అదురుతున్న తీరు చూసుకుంటున్నాడు.

పాట అయ్యాక బారువావిడ మా అందరినీ ఇంటికి తీసుకెళ్ళి ఉప్మా పెట్టింది. మావయ్య అన్నీ తిన్నాడు, అందరితో మాట్లాడాడు. నాతో మాత్రం ఏమీ అనలేదు. మిస్త్రీ మూడొందల యాభై తీసుకున్నాడు. ఊచకు ఎంతయిందో మావయ్య ఇప్పటిదాకా చెప్పలేదు.

హౌరా

సోమవారం ప్లాట్‌ఫారం మీద కూలీని వద్దని ఆంప్లిఫయరు పెట్టె మావయ్యే భుజాన మోశాడు. అత్త దారి తినుబండారాలు, ఝాన్సీ రసగుల్లాల డబ్బా పట్టుకున్నారు. గిటారు నా వీపున ఉంది. సామానంతా బెర్తు కింద సర్ది ఆయన కిందికి దిగాడు. ఇంక సమయం లేదని నేనే అడిగేశాను, నాన్నకు ఏమని చెప్పాలి మావయ్యా అని.

ఆయన జేబులోంచి ఒక చిన్న పానా తీసి కిటికీలోంచి నా చేతికిచ్చాడు. కొనడానికి దొరికేది కాదు. మా గిటారు నట్టుకు సరిపోయేలా ఆకురాయితో అరగదీసి చేశాడు. పిడికి ఎర్ర దారం చుట్టి ఉంది.

"సముద్రం గాలికి కర్ర ఊరుకోదు. ఏడాదికోపాలి, వోనలు ఎలిసినాక, పావు తిప్పు తిప్పు. అంతకన్నా తిప్పకు," అన్నాడు. "హోటలోల్ల దగ్గర జీతం సంగతి కాయితం మీద రాయించుకో. నోటి మాట నమ్మకు. మీ నాన్నకి ఉత్తరం ఏసినాను, రాయాల్సింది రాసినాను."

నేను తలూపాను. బండి కదిలింది. అప్పుడు గుర్తొచ్చింది, అసలు సంగతి అడగలేదని.

"ఏ వేపు తిప్పాలి మావయ్యా?"

చక్రాల చప్పుడులో నా మాట ఆయనకు అందిందో లేదో తెలియలేదు. కిటికీతో పాటు నాలుగడుగులు గబగబా నడిచాడు. చెయ్యి పైకెత్తి, గాలిలో లేని నట్టును పట్టుకుని, మణికట్టును కుడివైపుకి పావు వంతు తిప్పి చూపించాడు.